పులిహోరకు ఐదు స్టార్లు

వైభవ్‌కి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. తలుపున్న ఆఫీసులో కూర్చోవాలని.

తలుపు అతని గదికీ ఉంది. కానీ దాన్ని వేయడానికి వీల్లేదు. వేస్తే ‘పట్టపగలు తలుపేసుకొని లోపల ఏం చేస్తుండు పోరడు’ అని భివండీ శాంతి నగర్‌లో సగం మంది ఆలోచనలో పడతారు, మిగతా సగం వచ్చి చూసి వెళ్తారు. ఇంట్లో ఐదుగురు, ఉన్నది ఒక్క గది. అందుకని మేనమామ సిద్ధిరాములు తన టవల్ డిపో పైనున్న గది ఇచ్చాడు. గదిలో ఒక టేబుల్, ఒక ల్యాప్‌టాప్, అమ్ముడుపోని టవళ్ళ బేళ్ళు పదకొండు, వాటి మధ్య వైభవ్. గోడకి అవతల ఒక గాలా, అంటే నేత షెడ్డు, అందులో పగలూ రాత్రీ దడదడలాడే ఇరవై నాలుగు మరమగ్గాలు. పొద్దున టీ కప్పు టేబుల్‌కి ఈ మూల పెడితే మధ్యాహ్నానికి ఆ మూలకి తనంతట తనే నడిచి వెళ్ళేది. క్లయింటుతో ఫోన్‌లో మాట్లాడాలంటే బాత్రూంలోకి వెళ్ళాలి. బాత్రూం తలుపు కూడా ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారు.

అతను చేసే పని ఏమిటో చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఎక్కడో నాసిక్‌లో ఒక వ్యాపారి తన ఫోన్‌లో ‘భివండీ టవల్ హోల్‌సేల్’ అని వెతికితే, వచ్చే లిస్టులో తన క్లయింటు షాపు అందరికన్నా పైన కనిపించేలా చేయడం అతని పని. షాపు పేజీ తయారుచేస్తాడు, మ్యాప్‌లో గుర్తు పెడతాడు, ఫోటోలు, టైమింగులు, కొన్నవాళ్ళ అభిప్రాయాలు సర్దుతాడు. చుట్టాలు ఇదంతా శ్రద్ధగా విని, చివర్లో తమ ఫోన్ తీసి, “దీంట్ల ఆవాజ్ తక్కువొస్తుంది, జర సూడు కొడుకా” అనేవారు.

క్లయింట్లు కూడా చుట్టాలే. వాళ్ళందరికీ గిరాకీలకు కనిపించాలని ఉంటుంది, ఇంకెవరికీ కనిపించకూడదని ఉంటుంది. ఊళ్ళోని తెలుగు నేతవాళ్ళ సమాజానికి సెక్రటరీ అయిన కనుకయ్యకు బ్లౌజ్ పీసుల షాపు. మ్యాప్‌లో పెట్టమన్నాడు కానీ ఫోన్ నంబర్ వద్దన్నాడు. “నంబర్ పెడితే ఫోన్లు వస్తయి కద బిడ్డా.” అడ్రస్ గల్లీ దాకా చాలట, షాపు నంబర్ పెడితే మున్సిపాలిటీ వాళ్ళు చూస్తారట. ఫోటో పెట్టొచ్చు, అయితే షాపుది కాదు, తనది. అట్లా కనుకయ్య మ్యాప్‌లోకి ఎక్కాడు. మొహం స్పష్టంగా ఉంటుంది, మనిషి ఎక్కడుంటాడో తెలియదు.

వైభవ్ తృప్తిగా చేసిన పని ఒక్కటే, మామ డిపో. అది గల్లీలో గల్లీ, దాంట్లో ఇంకో గల్లీ తిరిగితే వస్తుంది. మునుపు బయటి ఊరి టెంపోలు దాన్ని వెతుక్కుంటూ ఊరి బయట కాల్హేర్ గోదాముల దాకా పోయి, అక్కడ ఎవరో పిలిస్తే వేరే సరుకు నింపుకుని వెళ్ళిపోయేవి. వైభవ్ మూడేళ్ళు కష్టపడ్డాడు. ప్రతి టవల్‌కీ ఫోటో తీశాడు. మెయిన్ రోడ్డు నుంచి షాపు దాకా నడుస్తూ వీడియో తీశాడు. కొన్న ప్రతివాణ్ణీ బతిమాలి, ఒక్కొక్కటిగా నలభై ఒక్క నిజమైన అభిప్రాయాలు సంపాదించాడు. డిపో లిస్టులో మొదటికి వచ్చింది. మాలేగావ్ నుంచి టోకుగా కొనే పార్టీలు రావడం మొదలైంది. ఒకసారి సోలాపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. టవళ్ళ ఊరి మనిషి టవళ్ళ కోసం తన గడప తొక్కడం సిద్ధిరాములు బతుకులో పెద్ద గౌరవం. ఆయన ఏమీ కొనకుండా, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ సంగతి మామ ఇప్పటికీ ఎవరికీ చెప్పడు, నీళ్ళు తాగిన సంగతి మాత్రం అందరికీ చెప్తాడు.

ఆ డిపో పుణ్యాన వైభవ్‌కి ఐరోలీ నుంచి పిలుపొచ్చింది. ఇదే పని పెద్ద ఎత్తున చేసే కంపెనీ. శుక్రవారం నాడు దారిలో మాన్కోలి ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని, ఇంకా గంట నిలబడి, ఏడో అంతస్తుకి చేరాడు. ఇంటర్వ్యూ చేసిన ఆవిడ పేరు శృతి, టీం హెడ్. ఇంటిపేరు చూసి తెలుగువాడని పట్టేసి తెలుగులోనే మాట్లాడింది. మాటల మధ్యలో ఎవరో వచ్చి గాజు తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టారు. లోపల ఎవరున్నారో బయటికి బాగా కనిపిస్తూనే ఉంది. అయినా తట్టి, ఆగారు. శృతి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ మనిషి వెళ్ళిపోయాడు.

వైభవ్‌కి ఆ తలుపు పైనుంచి కింది దాకా ఒకసారి చూడకుండా ఉండడం చేతకాలేదు.

“ఉన్నది ఒక్క సీటే వైభవ్ గారూ, నలుగురున్నారు,” అంది శృతి. “మంగళవారం పదకొండింటికి వీడియో కాల్ చేస్తాను. మీ చేత్తో పైకి తెచ్చిన షాపు ఒకటి చెప్పండి, మీ ముందే వెతికి చూస్తాను. పైన కనిపిస్తే మనం ఇక జీతం గురించే మాట్లాడుకుందాం.”

“కనిపిస్తది మేడం,” అన్నాడు వైభవ్.

సాయంత్రం భివండీలో దిగేసరికి డిపో ముందు విస్తరాకుల కుప్ప ఉంది. ఆ రోజు పౌర్ణమి, మామ ఏటా షాపులో చేయించే సత్యనారాయణ వ్రతం. కౌంటర్ వెనక కుర్చీలో సిద్ధిరాములు కొత్త ధోవతిలో, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా కూర్చుని ఉన్నాడు.

“అల్లుడా, ఇయ్యాల నీ పని నేనే చేసి పెట్టిన,” అన్నాడు.

“ఏం పని మామా?”

“నువ్వు మూడేండ్ల సంది నలభై ఒక్కటి తెచ్చినవ్. నేను ఒక్క పూటల డెబ్బై ఆరు తెచ్చిన. చదువుకున్నోళ్ళు మీరు. మాకేమొస్తది.”

సంగతి ఏమిటంటే, ఈ కుటుంబాల్లో వ్రతమైనా, కొత్త మగ్గం పెట్టినా, ఏం జరిగినా వచ్చినవాళ్ళు ఆ ఇంటి దంపతులకు బట్టలు పెట్టాలి. మగాయనకు అంగి గుడ్డో, టవలో. ఆడామెకు బ్లౌజ్ పీసు. రేపు వాళ్ళింట్లో జరిగితే వీళ్ళు తిరిగి పెట్టాలి, తగ్గకుండా. బట్ట నేసి బతికే ఊళ్ళో ఒకరికొకరు బట్ట పెట్టుకోవడం ఎందుకని ఇంతవరకు ఎవరికీ సందేహం రాలేదు. మామ భార్య మల్లవ్వ అత్త పెట్టిన ఆకుపచ్చ బ్లౌజ్ పీసు ఒకటి నాలుగేళ్ళలో తొమ్మిది ఇళ్ళు తిరిగి, పసుపు మరకతో సహా మళ్ళీ ఆమె ఒళ్ళోకే వచ్చింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, పదో ఇంటికి పంపించింది.

ఈసారి సిద్ధిరాములు మనిషిమనిషికీ ఫోన్ చేసి చెప్పాడు. “బట్టలు పెట్టకున్రి. బట్టలు మాకు మంచం కింద గూడ ఉన్నయి. మా షాపుకు స్టార్లు పెట్టున్రి. ఐదు.”

పెట్టారు. హారతి కాగానే ప్రసాదం చేతిలో పట్టుకుని వరసలో నిలబడి మరీ పెట్టారు. షాపు వైఫై పాస్‌వర్డ్ గోడ మీద దేవుడి ఫోటో కిందే రాసి ఉంటుంది. చేతకానివాళ్ళ ఫోన్లు తీసుకుని మామ కూతురు కాజల్ నొక్కి పెట్టింది. అభిప్రాయం రాయమని వచ్చినచోట, ఎవరికి అప్పుడు ఏది మనసులో ఉంటే అది రాశారు.

వైభవ్ అక్కడే నిలబడి చదివాడు. ‘పులిహోర మస్తుండె. పల్లీలు ఇంకొన్ని పడాలె.’ ఐదు స్టార్లు. ‘పూజ మంచిగయింది. అయ్యగారు జర జల్దీ చేసిండు.’ ఐదు స్టార్లు. ‘మల్లవ్వ వదిన చీర కలర్ బాగుంది.’ ఐదు స్టార్లు. ‘పులిహోర.’ ఐదు స్టార్లు.

టవళ్ళ షాపుకి, గంటా పది నిమిషాల్లో, ఒకే వైఫై నుంచి, డెబ్బై ఆరు మంది, పులిహోర గురించి. మెషీన్‌కైనా అనుమానం రాక ఏం చేస్తుంది? ఆరూ నలభైకి మెయిల్ వచ్చింది. ‘మీ పేజీ మీద కూడబలుక్కుని పెట్టిన అభిప్రాయాలు కనిపించాయి. పేజీని ఆపేశాం. పెట్టినవాళ్ళతో తీయించి, తర్వాత అప్పీలు చేసుకోండి.’

“మామా, మన షాపు మాయమైంది,” అన్నాడు వైభవ్.

సిద్ధిరాములు చుట్టూ చూశాడు. “ఈడనే ఉన్నది గద.”

“మ్యాప్‌ల లేదు. అందరు ఒక్కసారే పెట్టేసరికి దొంగవి అనుకొని తీసేసిన్రు.”

“ఎక్కువైనయని తీసేసిన్రా?” మామకి నిజంగానే అర్థం కాలేదు. “తక్కువ పెడితె అడగాలె గని, ఎక్కువ పెడితె ఎవడన్న కోపం చేస్తడా? ఎసొంటి మనుషుల్రా నాయినా వాళ్ళు.”

శనివారం పొద్దున్నే వైభవ్ కనుకయ్య షాపుకి వెళ్ళాడు. సెక్రటరీ తీసేస్తే మిగతావాళ్ళు తీసేస్తారని లెక్క.

“తీసెయ్యాల్నా?” కనుకయ్య కళ్ళజోడు తీసి కౌంటర్ మీద పెట్టాడు. “పెట్టిన బట్టలు వాపస్ తీస్కపొమ్మని ఎవడన్న అంటడా బిడ్డా? మీ తాత ఉన్నప్పుడు గిట్ల అన్నడా ఎన్నడన్న?”

“బట్టలు కాదు కాకా, స్టార్లు.”

“మీ మామ పిలిచిండు, వచ్చిన. తిండి పెట్టిండు, తిన్న. ఐదు పెట్టిన. ఆరు పెడ్దమంటె ఆడ జాగ లేకపాయె. నాది ఏం తక్కువైందో చెప్పు.”

“ఏం తక్కువ కాలే కాకా. అందరియి తీపియ్యాలె. నీ ఒక్కనిదే కాదు.”

“భీమ్‌రావుది గూడనా?”

“భీమ్‌రావు మామది గూడ.”

“అయితే ముందుగాల అతనిది తీపియ్యి. తర్వాత నాది సూద్దం.”

భీమ్‌రావు సమాజానికి ఖజాంచీ. ఆయన మొత్తం విని, “కనుకయ్య తీసిండా?” అని అడిగాడు. ఇంకా లేదని చెప్తే, “మరి నన్నెందుకు పరేషాన్ చేస్తున్నవ్?” అన్నాడు.

లస్మవ్వ ఇంకా కష్టమైంది. వైభవ్‌కి అమ్మమ్మ వరస, గల్లీ అంతటికీ పెద్దదిక్కు. ఆమె కోపం చేయలేదు. మంచం మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ మామకు మా మీద ఏమన్న ఉన్నదా కొడుకా? ఉంటె మొకం మీద అడగమను. పిల్లగాన్ని తోలి, పెట్టింది తీస్కపొమ్మంటె ఏమనుకోవాలె? మేం బీదోళ్ళమనే గద.”

“అమ్మమ్మా, నాకు నౌకరీ ఉన్నది దీని మీద. మంగళారం లోపల షాపు మళ్ళ కనవడాలె. లేకుంటె పోతది.”

“పోనియ్యి,” అంది లస్మవ్వ ఓదార్పుగా. “ఈడ లేదా పని? నా ఫోన్‌ల ఆవాజే వస్తలేదు.”

సాయంత్రానికి వైభవ్ పదిహేడు ఇళ్ళు తిరిగాడు. తీసిన స్టార్లు సున్న. సిద్ధిరాములు సమాజంతో తెగతెంపులు చేసుకుంటున్నాడని గల్లీలో పాకిపోయింది. ముగ్గురు వదినలు మల్లవ్వతో మాటలు బంద్ చేశారు. పోయిన దసరాకి అడిగి తీసుకెళ్ళిన పెద్ద కుక్కర్‌ని ఒకావిడ కడిగి, విజిల్‌తో సహా వాపస్ పంపించింది. అది చూసి మల్లవ్వకి పరిస్థితి తీవ్రత అర్థమైంది. ఆ కుక్కర్ మీద ఆమె ఆశ వదులుకుని చాలాకాలమైంది.

“నీకు మాట్లాడరాదురా,” అంది మేడ మెట్లెక్కి వచ్చి, టవళ్ళ బేలు మీద కూర్చుంటూ. “ఒట్టి చేతులు ఊపుకుంట పోతున్నవ్. పెట్టినోళ్ళకు మనం తిరిగి పెట్టాలె. అప్పుడు బరాబర్ అయితది. బరాబర్ అయినంక తీసెయ్యమంటె ఎవ్వలు కాదనరు.”

“ఏం పెడ్తం అత్తమ్మా, డెబ్బై ఆరు మందికి?”

మల్లవ్వ తను కూర్చున్న బేలుని అరచేత్తో తట్టింది.

ఆదివారం పొద్దున బయల్దేరారు. వైభవ్ భుజం మీద మూట, అత్త చేతిలో కుంకుమ భరిణె. ఇంటికి వెళ్ళడం, బొట్టు పెట్టడం, టవల్ పెట్టడం, టీ తాగడం. అప్పుడు మల్లవ్వ ఏదో గుర్తొచ్చినట్టు, “గా ఫోన్‌ల పెట్టింది జర తీసెయ్యరాదు వదినా, పోరనికి ఏందో ఇబ్బంది అయితున్నదట,” అనడం. ఆవిడ “అయ్యో, దానికేం భాగ్యం,” అని ఫోన్ అందించడం. వైభవ్ తీసేయడం. అంత తేలిక. కనుకయ్యా, భీమ్‌రావూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ సమాజం హాల్లో ఒకేసారి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి తీశారు. కాల్హేర్ గోదాముల్లో పనిచేసే తొమ్మిది మంది కోసం ఆటో కట్టించుకుని అక్కడికి వెళ్ళారు. టీలు పందొమ్మిది దాకా లెక్కపెట్టి వైభవ్ మానేశాడు. పొద్దు గూకేలోపు డెబ్బై ఆరూ పోయాయి. వైభవ్ మెట్ల మీదే కూర్చుని అప్పీలు పంపించాడు.

సోమవారం పదింటికి డిపో మ్యాప్‌లోకి తిరిగొచ్చింది. పాత నలభై ఒక్కటీ అలాగే ఉన్నాయి. లిస్టులో మొదటి స్థానం. వైభవ్ అయిదు సార్లు వెతికాడు, కాజల్ ఫోన్‌లో ఇంకో రెండు సార్లు. తర్వాత తెల్ల అంగి ఇస్త్రీ చేయించుకున్నాడు. మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తింటూ, ఎవరైనా తట్టినప్పుడు చెయ్యి ఎలా ఊపాలో ఎడమచేత్తో కాస్త అభ్యాసం చేశాడు. ఊపినప్పుడు ఈగలు పోయాయి.

అంతలో ఫోన్ మోగింది. సిద్ధిరాములు టవల్ డిపోకి కొత్త అభిప్రాయం. లస్మవ్వ. ఐదు స్టార్లు. భుజం మీద టవల్ వేసుకుని, కెమెరా వైపు కోపంగా చూస్తున్న ఫోటో. ‘సిద్ధిరాములు పెండ్లాం ఇంటికొచ్చి టవల్ పెట్టింది. మెత్తగున్నది. మేం గూడ తక్కువోళ్ళం కాదు.’

వైభవ్ అన్నం చెయ్యితోనే ఫోన్ కొట్టాడు.

“అమ్మమ్మా, ఎందుకు పెట్టినవ్? నిన్ననే తీసేస్తిమి గద!”

“అది పాతది కొడుకా. వ్రతం నాటిది. బరాబర్ అయిపాయె,” అంది లస్మవ్వ ఓపిగ్గా. “ఇది టవల్‌ది. తీస్కొని ఊకె కూసుంటమా?”

“ఎవ్వలకన్న చెప్పినవా?”

“సమాజం గ్రూపుల పెట్టిన. అందరు అదే అన్నరు, ఏం తిరిగి పెట్టాలె, ఏం తిరిగి పెట్టాలె అని రాత్రి సంది ఒకటే తిప్పలు.”

ఆమె ఫోన్ పెట్టేసేలోపు భీమ్‌రావు పెట్టాడు. భీమ్‌రావు పెట్టాక కనుకయ్య పెట్టాడు, కుటుంబంలో నలుగురికీ నాలుగు టవళ్ళు కప్పి, గ్రూప్ ఫోటోతో. గోదాముల నుంచి తొమ్మిది ఒకేసారి వచ్చాయి. పోయినసారి తప్పు జరిగిందని అందరికీ తెలుసు కాబట్టి, ఈసారి పులిహోర మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ టవల్ మెత్తగా ఉందనే రాశారు. డెబ్బై ఆరు మందీ, ఒకే మాట, మెత్తగా ఉంది.

ఐదూ పదికి రెండో మెయిల్ వచ్చింది. అందులో ‘దయచేసి’ అనే మాట లేదు. పేజీ శాశ్వతంగా మూసేశారు. అప్పీలు లేదు.

మంగళవారం పొద్దున్నే మామ మేడెక్కి వచ్చాడు. చేతిలో ఎర్ర అంగి. గణపతి నిమజ్జనానికి కుట్టించుకున్నది. వైభవ్‌లాంటివాళ్ళు ఇద్దరు పడతారు అందులో.

“అల్లుడా, మాలేగావ్ టెంపో వస్తున్నది. పండగ సరుకు, మూడు వేల టవళ్ళు. కొత్త డ్రైవరట, ఫోన్‌ల మన షాపు కనవడ్తలేదని కాల్హేర్‌ల తిరుగుతుండు. ఆడ ఇంకెవడన్న గుంజుకపోతడు. నువ్వు పోయి మెయిన్ రోడ్డు నాకా మీద నిలవడు. ఇది ఏస్కో.”

“ఇదెందుకు?”

“మ్యాప్‌ల గుర్తు గూడ ఎర్రగనే ఉంటది గద. ఎర్రంగి కాడికి రమ్మన్న.”

“మామా, నాకు పదకొండుకు ఇంటర్వ్యూ ఉన్నది.”

“నిలవడి మాట్లాడు. కూసొని మాట్లాడితెనే నౌకరీ ఇస్తరా?”

సిద్ధిరాములు ఒక్క మాట కూడా నిందగా అనలేదు. స్టార్ల సంగతి ఎత్తనే లేదు. అంగి బేలు మీద పెట్టి, నెమ్మదిగా మెట్లు దిగాడు. గట్టిగా తిట్టి ఉంటే వైభవ్ వెళ్ళేవాడు కాదు.

పదకొండింటికి అతను నాకా మీద, పాన్ డబ్బా పక్కన, తెల్ల అంగి మీద ఎర్ర అంగి వేసుకుని నిలబడి ఉన్నాడు. లారీల మోత ఉంది కానీ గాలా మోత కన్నా నయమే. వీడియో కాల్ వచ్చింది. ఏడో అంతస్తు, గాజు తలుపు, శృతి.

“ఎక్కడున్నారు వైభవ్ గారూ?”

“ఫీల్డ్‌ల ఉన్న మేడం.”

“బావుంది. షాపు పేరు చెప్పండి.”

చెప్పాడు. ఆవిడ టైపు చేసింది. ఇంకోసారి చేసింది. “ఏం రావట్లేదే?”

వైభవ్ ఫోన్‌లో సోమవారం పదింటికి తీసిన స్క్రీన్‌షాట్ ఉంది. మొదటి స్థానం, నలభై ఒక్క అభిప్రాయాలు. అది పంపించి, ఇప్పుడు నెట్ సరిగ్గా లేదని చెప్పాలని రాత్రంతా కంఠస్థం చేశాడు. నోరు తెరిచాడు. కానీ బయటికొచ్చింది సత్యనారాయణ వ్రతం. దాని వెనక పులిహోర, కనుకయ్య, కుక్కర్, టవళ్ళు, గ్రూప్ ఫోటో, అన్నీ వరసగా వచ్చేశాయి. ఆపడం అతని చేతిలో లేకుండా పోయింది.

శృతి మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కెమెరా కిందికి వంగిపోయింది. కాసేపు ఖాళీ కుర్చీ మాత్రమే కనిపించింది.

“మొత్తం ఎంతమంది?” అంది కళ్ళు తుడుచుకుని పైకొచ్చి.

“మొదటిసారి డెబ్బై ఆరు మేడం. రెండోసారి ఎనభై ఒకటి.”

“ఆ ఐదుగురు ఎక్కడ్నించి వచ్చారు?”

“వాళ్ళకు టవల్ పెట్టలేదని అలిగి పెట్టిన్రు.”

ఆవిడ మళ్ళీ కిందికి వెళ్ళింది. ఈసారి వచ్చేసరికి నీళ్ళ సీసా చేతిలో ఉంది.

“చూడండి, షాపు నిజం, ఆ మొదటి నలభై ఒకటీ నిజం. ఆ మ్యాప్ కంపెనీలో మాకు మెషీన్‌తో కాకుండా మనిషితో మాట్లాడే దారి ఒకటుంది. పాత పేజీ వివరాలు పంపండి. నేనే రాస్తాను. సాయంత్రానికి వెనక్కి తెప్పిస్తాను.”

“ఎంతయితది మేడం?”

“అయ్యో, ఏం వద్దండీ. ఊరికే. ఈ మధ్య నేనింత నవ్వలేదు.” ఆవిడ తన ముందున్న కాగితం చూసింది. “ఇక సీటు సంగతి. గురువారం చెప్తాం. కానీ మీకు చెప్తే తప్పేం లేదు. మిగతా ముగ్గురూ నాకు స్క్రీన్‌షాట్లే పంపించారు. మీ పేరే పైనుంది.”

ఇక అయిపోయింది. థాంక్యూ మేడం అని చెప్పి, ఫోన్ పెట్టేస్తే చాలు. వైభవ్ థాంక్యూ మేడం అన్నాడు. ఫోన్ పెట్టేయడానికి వేలు ఎత్తాడు. వేలు గాల్లోనే ఉండిపోయింది.

ఊరికే అంది. షాపు వెనక్కి తెప్పిస్తుందట, ఊరికే. మామకి పండగ సరుకు దక్కుతుంది, ఊరికే. పైగా సీటు. ఆవిడకి తను ఏం పెట్టాడు? కథ ఒకటి చెప్పాడు, అది కూడా చుట్టాలది. ఒంట్లో ఎక్కడో తెలియని చోట దురద మొదలైంది. రెండు అంగిల కింద చెమట పట్టింది.

“మేడం,” అన్నాడు. “ఇటు దిక్కు మీకేమన్న పని ఉన్నదా?”

“పనా? ఏం పని?”

“ఏదన్న. భివండీల.”

“ఉండటానికి ఉంది. గాలాలూ గోదాములూ ఒక్కొక్కటీ తిరిగి, షాపుల ముందు నిలబడి వీడియోలు తీసి పంపే మనిషి కావాలి. నాలుగు నెలల్నించి వెతుకుతున్నాం, ఎవరూ ఒప్పుకోవట్లేదు. మీరు ఎవరినైనా చెప్తారా? కానీ ముందే చెప్తున్నా, దానికి ఆఫీసు ఉండదు. ఇంటి దగ్గర్నించే చెయ్యాలి.”

“నేను చేస్త.”

ఆ మాట అన్నది ఎవరా అని వైభవ్ పాన్ డబ్బా వైపు చూశాడు. డబ్బావాడు ఆకుకి సున్నం రాస్తున్నాడు.

“మీరా?” శృతి ముందుకు వంగింది. “వైభవ్ గారూ, ఇక్కడి సీటు మీకే వచ్చేలా ఉందని ఇప్పుడేగా చెప్పాను.”

“అది ఇంకెవరికన్న ఇయ్యండి మేడం. మీకు నాలుగు నెలల సంది దొరకలేదంటున్నరు గద.”

“ఆలోచించుకోండి. తొందరేం లేదు.”

“ఆలోచించిన,” అన్నాడు. దురద తగ్గింది. ఆ జాగాలో ఇంకేదో, బరువైనది, మెల్లగా దిగుతోంది. ఐరోలీ ఏడో అంతస్తు ఫోన్ తెరలో అరచేతంత ఉంది. శృతి వెనకాల ఎవరో గాజు తలుపు తట్టి, ఆగి, ఎదురుచూస్తున్నారు.

“అబ్బ, ఎంత పెద్ద సాయం చేశారండీ,” అంది శృతి. ఆవిడ మొహం నిజంగానే వెలిగింది. “మీకు నేను ఏదో ఒకటి చెయ్యాల్సిందే. ఏం చెయ్యమంటారో…”

“వద్దు మేడం!” నాకా మీద ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. “దండం పెడ్త, ఇంకేం చెయ్యకున్రి!” అని వైభవ్ ఫోన్ పెట్టేశాడు.

కాల్హేర్ వైపు నుంచి ఒక టెంపో మెల్లగా వచ్చి, ఎర్ర అంగిని చూసి హారన్ కొట్టి ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, “సిద్ధిరామ్ టవల్ డిపో?” అన్నాడు.

గల్లీ సన్నం, మలుపులు నాలుగు. వైభవ్ ముందు నడిచాడు, టెంపో వెనకాలే వచ్చింది. మొదటి మలుపు దగ్గర కనుకయ్య షాపు గడపలో నిలబడి ఉన్నాడు.

“నౌకరీ వచ్చిందా బిడ్డా?”

“వచ్చింది కాకా.”

“ఏడ?”

“ఈడనే.”

“మంచిగయింది,” అని కనుకయ్య జేబులోంచి ఫోన్ తీశాడు. “కంపెనీ పేరు చెప్పు.”

వైభవ్ ఆగకుండా నడిచాడు. వెనక టెంపోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.